600 ఎంఎంతో ఫొటోలు బాగానే వస్తున్నాయి, వీడియో మాత్రం ఉడుకుతోంది. తప్పెక్కడ?

నీలిరెక్క
రెండు నెలలుగా ఇదే టెన్షన్. నాది ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 150-600 జూమ్. ఫొటో తీస్తే జింక కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. అదే జింకను అదే చోటి నుంచి అదే లెన్స్‌తో వీడియో తీసి ఇంటికొచ్చి చూసుకుంటే ఏడుపొస్తోంది. బొమ్మంతా మెత్తగా ఉంటోంది. కొమ్ముల అంచులు నీళ్లలోంచి చూసినట్టు మెలికలు తిరుగుతున్నాయి. కొంచెం పాన్ చేస్తే, అంటే కెమెరాను పక్కకు తిప్పితే, మొదట్లో ఒక కుదుపు, ఆపేటప్పుడు ఇంకో కుదుపు. మొన్న ఒక్కరోజే 70 క్లిప్పులు తీశాను, దాచుకోదగ్గది ఒక్కటీ లేదు. ట్రైపాడ్ గట్టిదే, పైన గింబల్ హెడ్. లెన్స్‌లోనే లోపం ఉందంటారా? మార్పించుకోవాలా?

అడవిదారి
లెన్స్ పాడైతే ఫొటోలూ పాడవ్వాలి కదా. గాజు బాగానే ఉంది. ఏ టైంలో తీశారు? ఎంత దూరం నుంచి?

నీలిరెక్క
పదకొండు నుంచి రెండు మధ్యలో. చెట్టూ చేమా లేని మైదానం. జింకలు నూటయాభై మీటర్ల దూరంలో ఉండొచ్చు.

అడవిదారి
అయితే మీరు తీసింది జింకను కాదు, మధ్యలో ఉన్న గాలిని. ఎండకు కాలిన నేల మీది నుంచి వేడిగాలి పైకి లేస్తుంది, చల్లగాలి కిందికి దిగుతుంది. రెండిటిలో వెలుతురు వంగే తీరు వేరు. నూటయాభై మీటర్ల పొడవునా అలాంటి పొరలు వేలకొద్దీ కదులుతుంటే, మీ లెన్స్ వాటన్నిటినీ కలిపి పెద్దది చేసి చూపిస్తుంది. మన కంటికి కనబడే ఎండమావికి తమ్ముడే ఇది. దీనికి ఏ లెన్సూ మందు కాదు, ఎడిటింగ్‌లోనూ పోదు. పొద్దున్నే వెళ్లండి, లేదా మబ్బు పట్టిన రోజు వెళ్లండి.

మూడుకాళ్లు
సెగ సంగతి సరే. పాన్ మొదట్లో, చివర్లో కుదుపు అన్నారు, అది గాలి చేసే పని కాదు. గింబల్ హెడ్ ఫొటోలకు చేసింది. ఎగిరే పక్షి వెంట లెన్స్‌ను చటుక్కున తిప్పడానికి అంతకు మించింది లేదు. కానీ లోపల అడ్డుకునే జిగురేమీ ఉండదు, మీ చేతి వణుకంతా నేరుగా బొమ్మలోకి పోతుంది. వీడియోకు ఫ్లూయిడ్ హెడ్ కావాలి, లోపలి జిగట ద్రవం పట్టి ఉంచుతూ మెల్లగా తిరగనిచ్చేది.

లెక్క వేసి చూడండి. ఫుల్ ఫ్రేమ్ మీద 600 ఎంఎం అడ్డంగా చూసేది 3.4 డిగ్రీలే. హెడ్ ఒక్క డిగ్రీ జరిగితే ఫ్రేములో దాదాపు 30 శాతం పక్కకు పోయినట్టు. డిగ్రీలో పదో వంతు కదిలినా 4కె బొమ్మలో వంద పిక్సెళ్లకు పైనే. రికార్డ్ బటన్ నొక్కితేనే అంతకన్నా ఎక్కువ కదులుతుంది.

అడవిదారి
హెడ్ మార్చినంత మాత్రాన మిట్టమధ్యాహ్నం మైదానంలో ఏం మారదు అన్నా. డబ్బు దండగ.

మూడుకాళ్లు
పొద్దున్నే వెళ్లినంత మాత్రాన గింబల్‌తో పాన్ నున్నగా రాదు. టైం దండగ.

పాతరీలు
ఇద్దరూ చెరో సగం చెప్పారు. ముందు జబ్బేదో తేలాలి కదా, తర్వాతే మందు. నీలిరెక్క గారూ, ఒక క్లిప్‌లో కదలని వస్తువు ఏదైనా ఉంటే, రాయో మోడో, దాన్ని పెద్దది చేసి చూడండి.

ఫ్రేమంతా ఒక్కసారిగా ఒకే వైపు జరిగితే కదిలింది కెమెరా. నాలుగు మూలలూ కుదురుగా ఉండి, రాయి ఎడమ అంచు ఒకలా కుడి అంచు ఇంకోలా వణుకుతుంటే కదిలింది గాలి. రాయి గీసినట్టు ఉండి జంతువు మాత్రం అలుక్కుపోతే షటర్ వేగం చాల్లేదు. రాయి ముందున్న గడ్డి స్పష్టంగా, రాయి మసకగా ఉంటే ఫోకస్ తప్పింది. ఇవేవీ కాకుండా దగ్గరిదీ దూరందీ అన్నీ ఒకే తీరుగా, సబ్బునీళ్లలో ముంచి తీసినట్టు మెత్తగా ఉంటే నాకు ఇంకో అనుమానం ఉంది. వీడియోకు షటర్, అపర్చర్ (వెలుతురు దూరే లెన్స్ కంత) ఎంతెంత పెట్టారు?

నీలిరెక్క
పాతరీలు గారూ, చూశాను. క్లిప్‌లో ఒక ఎండిన మోడు ఉంది. మీరన్నట్టే రెండు అంచులూ వేర్వేరుగా వణుకుతున్నాయి. నేను ముట్టుకున్నప్పుడు ఫ్రేమంతా కూడా జరుగుతోంది. మెత్తదనం అయితే అన్నిట్లోనూ ఉంది.
సెట్టింగులు: 25 ఫ్రేములు, షటర్ 1/50, ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్/22. వీడియోకు షటర్ 1/50 ఉండాలని ఎక్కడో చదివాను. ఆ ఎండలో ఎఫ్/22 దాకా మూస్తే తప్ప బొమ్మ తెల్లబడకుండా ఆగలేదు.

పాతరీలు
దొరికింది. ఎఫ్/22.

అంత సన్నటి కంతలోంచి దూరేటప్పుడు వెలుతురు విచ్చుకుంటుంది. చుక్కగా పడాల్సింది చిన్న బిళ్లలా పరుచుకుంటుంది. ఎంత మంచి గాజైనా అక్కడ ఓడిపోవాల్సిందే. మీ ఫొటోలు ఎఫ్/6.3 దగ్గర, 1/2000లో తీసి ఉంటారు. అందుకే కనురెప్పల వెంట్రుకలు కనబడ్డాయి. పైగా ఫొటోల్లో ఇరవై తీసి, సెగ ఒక్క క్షణం కుదురుకున్నప్పుడు పడ్డ ఒక్కదాన్ని ఎంచుకుంటాం. వీడియోలో ఆ వెసులుబాటు లేదు, సెకనుకు 25 బొమ్మలూ బాగుండాలి.

అంటే మూడు తప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. లెన్స్‌ను ఏమీ అనకండి.

కొత్తకన్ను
వెలుతురు ఎక్కువైతే తగ్గించడానికి కళ్లద్దం లాంటిది ఉంటుంది కదా, అది వాడొచ్చా?

మూడుకాళ్లు
ఎన్‌డీ ఫిల్టర్. వాడాలి కూడా. మూడు స్టాపుల ఎన్‌డీ, అంటే వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించేది, వేస్తే ఎఫ్/22 కాస్తా ఎఫ్/8 అవుతుంది, ఆ జూమ్‌లకు చక్కటి చోటు. ఒక్కటే జాగ్రత్త. ఇలాంటి జూమ్‌లకు ముందు గాజు పెద్దది, చాలావాటికి 95 ఎంఎం ఫిల్టర్ పడుతుంది. నాసిరకం ఫిల్టర్ వైడ్ లెన్స్ మీద బయటపడదు, 600 దగ్గర మాత్రం బొమ్మను మెత్తగా చేసేస్తుంది. నేను అలాంటి వేరియబుల్ ఎన్‌డీతో (తిప్పితే నలుపు మారేది) ఒక వారం షూటింగ్ మొత్తం పోగొట్టుకున్నాను. వేశాక ఒకటి, తీసేశాక ఒకటి తీసి పోల్చుకోవాలి, తప్పదు. జూమ్ లేని పెద్ద ప్రైమ్ లెన్సులకైతే వెనకవైపు చిన్న ఫిల్టర్ దూర్చే అర ఉంటుంది, వాటితో ఈ బాధ లేదు.

గాలివాటం
అసలు 1/50 ఎందుకు? అదేమైనా శాసనమా? జంతువుల దగ్గర నేను 1/200కు తగ్గను. చెవి విదిలించినా, తల తిప్పినా ప్రతి ఫ్రేమూ స్పష్టంగా ఉంటుంది. ఇంతవరకు ఎవరూ నా వీడియో చూసి షటర్ ఎంత అని అడగలేదు.

పాతరీలు
నిలబడి మేసే జంతువుకు మీ 1/200 బాగానే ఉంటుంది, కాదనను. పరిగెత్తే జంతువు వెంట పాన్ చేసి చూడండి. కాళ్లు టకటకా తెగిపడినట్టు, వెనక చెట్లు దూకుతున్నట్టు ఉంటుంది. ఫ్రేము నిడివిలో సగం సేపు షటర్ తెరిచి ఉంచితే ఆ కాస్త అలుకుడు కంటికి హాయిగా ఉంటుంది, 25కి 1/50 అనే లెక్క అక్కడి నుంచే వచ్చింది. శాసనం కాదు, కానీ ఊరికే పుట్టిందీ కాదు.

గాలివాటం
పరుగుకు ఒప్పుకుంటాను. కానీ చిన్న పక్షులకు 1/50 అంటే రెక్క కాదు, పొగ మిగులుతుంది. నెమ్మదిగా చూపించాలనుకుంటే సెకనుకు 100 ఫ్రేములు పెట్టుకుంటే ఎలాగూ 1/200 అవుతుంది, గొడవే లేదు.

పాతరీలు
దాంట్లో మీతోనే ఉన్నాను.

అడవిదారి
సెగ గురించి ఇంకొక్క మాట, ఇది చాలామందికి తట్టదు. నా దగ్గర ఒక క్లిప్ ఉంది. తెల్లవారుజాము, మంచు కురుస్తోంది, నక్క అరవై మీటర్లలో ఉంది. అయినా బొమ్మ ఉడికింది. కారణం వెతకడానికి రెండు రోజులు పట్టింది. కారు కిటికీలోంచి బీన్ బ్యాగ్ మీద లెన్స్ పెట్టి తీశాను. లోపల హీటర్ వేసుకుని వచ్చాను కదా, ఆ వెచ్చటి గాలి కిటికీలోంచి లెన్స్ ముందుగానే బయటికి పోతోంది! ఇంజన్ ఆపిన కొత్తలో బానెట్ మీది నుంచి తీసినా ఇంతే. అప్పటి నుంచి చేరగానే అద్దాలన్నీ దించి, లోపలా బయటా ఒకే చలి అయ్యేదాకా కెమెరా ముట్టుకోను.

లెన్స్ ముందు తగిలించే పొడవాటి హుడ్ కూడా అంతే. వెచ్చగా ఉన్న లెన్స్‌ను చలిలోకి తెస్తే హుడ్ గొట్టంలోనే వేడిగాలి తిరుగుతూ ఉంటుంది. హుడ్ తీసేసి ఒకసారి తీసి చూడండి.

మూడుకాళ్లు
హుడ్ తీయమనడానికి నా దగ్గర ఇంకో కారణం ఉంది. గాలి వీస్తున్నప్పుడు అది తెరచాప. మెడకు తగిలించుకునే పట్టీ కూడా తీసేయాలి, అది రెపరెపలాడితే చాలు, ఫ్రేము వణుకుతుంది. ట్రైపాడ్ నడిమి గొట్టం పైకి లేపొద్దు, అసలు లేనిదైతే ఇంకా మంచిది. కాళ్లు బాగా చాచి, కూర్చుని తీయండి. జంతువు కంటి ఎత్తుకు రావడం అదనపు లాభం.

చెరువుగట్టు
లెన్స్‌లో ఉండే స్టెబిలైజర్ గురించి ఎవరూ చెప్పలేదు. నీలిరెక్క గారూ, ఆన్‌లో పెట్టారా?

నీలిరెక్క
ఆన్‌లోనే ఉంది. తీసేయాలా?

మూడుకాళ్లు
ట్రైపాడ్ మీద ఆఫ్. పాన్ మొదలుపెట్టగానే అది చేతి వణుకు అనుకుని ఎదురు లాగుతుంది, పాన్ ఆపాక ఇంకొంచెం పోతుంది. మీ రెండు కుదుపులకు గింబల్ ఎంత కారణమో ఇదీ అంతే.

గాలివాటం
అన్నిటికీ ఒకే మాట చెప్పొద్దు. నా లెన్స్ ట్రైపాడ్ మీద ఉన్నానని తనే గుర్తిస్తుంది. గాలి వీచే రోజు ఆన్‌లో ఉంటేనే బొమ్మ నిలబడుతోంది. పాన్ కోసం విడిగా ఒక మోడ్ ఉంది, అడ్డంగా జరిగేదాన్ని వదిలేసి నిలువు వణుకునే ఆపుతుంది.

మూడుకాళ్లు
సరే, ఒక్కో లెన్స్ ఒక్కో రకం. ఆన్‌లో ఇరవై సెకన్లు, ఆఫ్‌లో ఇరవై సెకన్లు, పాన్‌తో సహా తీసుకుని చూస్తే తేలిపోతుంది.

కొత్తకన్ను
నాకో సందేహం. ఇంత దూరం బాధ ఎందుకు, లెన్స్‌కూ కెమెరాకూ మధ్య 2ఎక్స్ కన్వర్టర్ తగిలిస్తే 1200 వస్తుంది కదా?

అడవిదారి
సెగ కూడా రెండింతలు వస్తుంది. వణుకు కూడా. పైగా రెండు స్టాపుల వెలుతురు పోతుంది, ఎఫ్/6.3 కాస్తా ఎఫ్/13 దగ్గరికి దిగుతుంది. మీరు తీయాల్సిన టైమేమో మసక వెలుతురు ఉండే పొద్దున్న. ఆటోఫోకస్ వెతుక్కుంటూ ఉండిపోతుంది.

పాతరీలు
పొడవు ఎక్కువైన కొద్దీ మంచిదనుకోవడం అందరం పడే భ్రమే. టీవీ డాక్యుమెంటరీ వాళ్లు వాడే క్యానన్ 50-1000 జూమ్ 2014లో వచ్చింది. దాంట్లోనే 1.5 రెట్ల ఎక్స్‌టెండర్ ఉంటుంది, మీట నొక్కితే 1500 దాకా పోతుంది. బరువు 6.6 కిలోలు. ఆ లెన్స్ చేతిలో ఉన్నవాళ్లు కూడా తెల్లవారక ముందే వెళ్లి కూర్చుంటారు. గాలి ముందు అందరూ సమానమే.

నాకు ఆ లెన్స్‌లో నచ్చేది 1500 కాదు, 50. కొండ మొత్తం చూపించి, కెమెరా కదపకుండా, అదే చోటి నుంచి ఆ కొండ మీది మేక కంటి దాకా పోవచ్చు. మనం 600 దగ్గర జూమ్ బిగించేసి మర్చిపోతాం. మీ 150-600లో 150 కూడా ఉంది నీలిరెక్క గారూ. జంతువు చిన్నదిగా, దాని చుట్టూ ఉన్న చోటు పెద్దదిగా కనబడే షాట్లు తీయండి. అవి సెగలో కూడా బాగానే వస్తాయి.

కొత్తకన్ను
అయితే దగ్గరికి వెళ్లడమే మందు అన్నమాట. మా దగ్గర ఒక తీతువు గూడు ఉంది, నేల మీదే నాలుగు గుడ్లు. నేను వెళ్తే అది లేచి అరుస్తూ తిరుగుతుంది, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఎనిమిది మీటర్లలో ట్రైపాడ్ పెడితే సెగ ఏం చేస్తుంది?

చెరువుగట్టు
తమ్ముడూ, దయచేసి ఆ పని చేయకు. కోపంతో అనడం లేదు, నేను ఒకసారి చేసి ఇప్పటికీ బాధపడుతున్నాను కాబట్టి చెప్తున్నాను.

నేను తీసిందీ తీతువునే. పన్నెండు మీటర్లలో పెట్టాను, అది చాలా దూరం అనుకున్నాను. లేచి వెళ్లింది, గాలిలో తిరిగింది, అరిచింది, కొంచెం అవతల వాలి అటూ ఇటూ పరుగెత్తింది. నేను వ్యూఫైండర్‌లోంచి చూస్తూ ఎంత బాగా వస్తోందో అనుకుంటున్నాను. అలా నలభై నిమిషాలు. ఇంటికొచ్చి క్లిప్పులు చూస్తుంటే అప్పుడు అర్థమైంది. ఒక షాట్‌లో అది నీళ్లలో పొట్ట తడుపుకుని వచ్చి, గూటికి నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. పొట్ట ఈకల నుంచి నీటి చుక్కలు నేల మీద పడుతున్నాయి. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా ఆ తడి పొట్టతో వాటి మీద కూర్చోవడం దాని పద్ధతి. నా మూలంగా కూర్చోలేదు. ఆ చుక్కలన్నీ నేల మీదే ఆరిపోయాయి. ఆ ఫోకస్ కూడా అద్భుతంగా కుదిరింది, ఆ షాట్ మాత్రం నేను ఎవరికీ చూపించలేదు.

పక్షి అరుస్తోందంటే అది మనతో మాట్లాడుతోంది, పొమ్మంటోంది. టెలీ లెన్స్ పుట్టిందే ఆ మాట రాకముందు ఆగడానికి.

కొత్తకన్ను
అక్కా, ఆ చుక్కల సంగతి నాకు తెలియదు. వెళ్లను. అసలు ఆ గూటి వైపే వెళ్లను.

గాలివాటం
మంచి పని చేశారు కొత్తకన్ను. గూడున్న చోటు ఎవరికీ చెప్పొద్దు కూడా, ఫైల్‌లో లొకేషన్ ఉంటే తీసేసి పెట్టండి.

దగ్గరితనానికి ఇంకో దారి ఉంది. మనం దగ్గరికి వెళ్లడం కాదు, దాన్ని రానివ్వడం. అది రోజూ వచ్చే చోటు కనిపెట్టి, అది రాకముందే వెళ్లి హైడ్‌లో, అంటే కనబడకుండా దాక్కునే మరుగులో, మాటు వేయాలి. క్షీరదాలైతే గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి, మన వాసన అటు పోతే ఎంత గుడ్డ కప్పుకున్నా లాభం లేదు. జంతువు మేత ఆపి తలెత్తి మన వైపే చూస్తూ ఉండిపోయిందంటే హద్దు దాటాం. మళ్లీ తల దించి మేసేదాకా కదలొద్దు, దించకపోతే వెనక్కి రావాలి.

పాతరీలు
మాటు అంటే గుర్తొచ్చింది. కీర్టన్ అన్నదమ్ములని ఇంగ్లండ్‌లో ఉండేవారు, రిచర్డ్, చెర్రీ. 1900 ప్రాంతంలో పక్షుల ఫొటోల కోసం ఎద్దు తోలు కప్పిన బోలు బొమ్మ చేయించి అందులో దూరి కూర్చున్నారు. లెన్స్‌కు కంత పెట్టుకుని గంటలకొద్దీ! దానికంటే ముందు, 1882లో, మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎగిరే పక్షుల కోసం తుపాకీ ఆకారంలో కెమెరా చేశాడు. గురి చూసి మీట నొక్కితే సెకనుకు 12 బొమ్మలు. పక్షి మాత్రం హాయిగా ఎగిరిపోయేది.

నేను మొదలుపెట్టింది 16 ఎంఎం ఫిల్ముతో. వంద అడుగుల రీలు 24 ఫ్రేములకు మూడు నిమిషాలు కూడా రాదు. అందుకే మీట నొక్కేముందు చాలాసేపు చూసేవాళ్లం. ఇప్పుడు 100 మెగాబిట్లలో తీసినా గంటకు 45 జీబీయే, కార్డులున్నాయి కదా అని నొక్కేస్తున్నాం. 70 క్లిప్పులు అన్నారు నీలిరెక్క గారు, ఒక్కోటి ఎంతసేపు?

నీలిరెక్క
చాలావరకు మూడు నాలుగు సెకన్లు. తల ఎత్తగానే నొక్కడం, దించగానే ఆపడం.

పాతరీలు
అదే మార్చండి ముందు. పది సెకన్లకు తక్కువ తీయొద్దు. నొక్కాక చేతులు తీసేయండి, మొదటి రెండు సెకన్లు ఎలాగూ వణుకే. జంతువు నడుస్తుంటే వెంటపడకండి. ఫ్రేము ముందే కట్టుకుని ఉంచండి, అది లోపలికి రావాలి, దాటాలి, బయటికి పోవాలి. ఖాళీ ఫ్రేము ఇంకో రెండు సెకన్లు ఉండనివ్వండి. ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు ఆ ఖాళీ ఎంత అక్కరకొస్తుందో తెలుస్తుంది. కెమెరాలో ప్రీ రికార్డ్ ఉంటే పెట్టుకోండి, నొక్కడానికి ముందు కొన్ని సెకన్లు కూడా దొరుకుతాయి.

చెవులపిల్లి
ఇంతసేపూ బొమ్మ గురించే. శబ్దం ఎవరికీ పట్టలేదు!

నూటయాభై మీటర్ల నుంచి శబ్దం మీ దగ్గరికి రావడానికి దాదాపు 0.44 సెకను పడుతుంది. 25 ఫ్రేముల్లో అది పదకొండు ఫ్రేముల ఆలస్యం. వడ్రంగి పిట్టను దూరం నుంచి తీసి చూడండి, ముక్కు చెట్టుకు తగిలినప్పుడు శబ్దం ఉండదు, వెనక్కి తీసినప్పుడు వస్తుంది. శబ్దాన్ని ముందుకు జరిపితే సరిపోతుంది, కానీ అసలు కెమెరా మైక్‌లో దొరికేది గాలి హోరు, మీ చొక్కా చప్పుడు, లెన్స్ మోటారు. షూటింగ్ అయ్యాక అదే చోట అరగంట కూర్చుని, రికార్డర్‌కు బొచ్చు తొడుగు వేసి, చోటు శబ్దం విడిగా రికార్డ్ చేసుకోండి. గడ్డి, పురుగులు, దూరపు పక్షులు. ఆ అరగంట కింద పరిస్తే వీడియోకు ప్రాణం వస్తుంది.

మూడుకాళ్లు
చెవులపిల్లి పేరు పెట్టుకుని ఆ మాట మీరే చెప్పాలి. నిజమే, నేనూ ఇన్నాళ్లు పట్టించుకోలేదు. ఈసారి చేస్తాను.

నీలిరెక్క
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. అందరి మాటా విన్నాను.

మొదట ఒక ఎండిన మోడు మీద పరీక్ష. పొద్దున ఆరుంపావుకు, మధ్యాహ్నం పన్నెండుకు, ఇరవై మీటర్ల నుంచి ఒకటి, నూటయాభై నుంచి ఒకటి. పొద్దున రెండూ గీసినట్టు వచ్చాయి. మధ్యాహ్నం దగ్గరిది బాగుంది, దూరంది ఉడికింది. అడవిదారి అన్నది అక్షరాలా నిజం. ఎఫ్/22, ఎఫ్/8 పక్కపక్కన పెట్టి చూస్తే అవి రెండు వేర్వేరు లెన్సుల బొమ్మల్లా ఉన్నాయి. స్టెబిలైజర్ ఆఫ్ చేస్తే పాన్ చివరి కుదుపు పోయింది, మొదటిది సగం తగ్గింది. మిగతా సగం గింబల్‌ది. తెలిసినవాళ్ల దగ్గర ఫ్లూయిడ్ హెడ్ అడిగి తెచ్చుకున్నాను. డ్రాగ్ (హెడ్ తిరిగే బిగువు) బిగించి, లెన్స్ ముందుకో వెనక్కో ఒరిగిపోకుండా ప్లేట్ జరిపి బరువు సమానం చేశాక, ఒక్క వేలితో తిప్పినా నూనె మీద జారినట్టు పోతోంది.

మూడుకాళ్లు
ఆ ఒక్క వేలి సుఖం తెలిశాక వెనక్కి పోలేరు. జూమ్ చేస్తే మీ లెన్స్ పొడుగు సాగుతుంది కదా, బరువు ముందుకు పోతుంది. 600లో పెట్టే బ్యాలెన్స్ చూసుకోండి.

అడవిదారి
మోడు బాగానే ఉంది. మోడు మీద ఏమైనా వాలిందా?

నీలిరెక్క
వాలింది! అదే చెప్పబోతున్నాను. ఇరవై మీటర్ల మోడు చెరువు పక్కన. ఐదో రోజు నుంచి లకుముకి పిట్ట వస్తోంది. చీకటి ఉండగానే వెళ్లి గుడ్డ కప్పుకుని కూర్చుంటున్నాను, గాలివాటం గారు చెప్పినట్టు.

నిన్న పొద్దున ఫ్రేము ముందే కట్టి పెట్టుకున్నాను, ఖాళీ మోడు, వెనక నీళ్లు. ఫోకస్ మాన్యువల్‌లో మోడు మీద బిగించేశాను. ఆటోలో పెడితే రెల్లు దుబ్బుల మీదికి పోతోంది. వచ్చి వాలింది, నోట్లో చేప. చేపను మోడుకేసి కొట్టడం మొదలుపెట్టింది. కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి. పద్నాలుగు దెబ్బలు, తర్వాత లెక్కపెట్టుకున్నాను. ప్రతి దెబ్బకీ పొలుసులు ఎగిరి వెలుతురులో మెరిశాయి. ఒక పొలుసు దాని ముక్కుకే అంటుకుంది, మోడుకు రుద్దుకుని తుడుచుకుంది. తర్వాత చేపను నోట్లోనే అటూ ఇటూ తిప్పి సర్దుకుని, మింగకుండా అలాగే పట్టుకుని ఎగిరిపోయింది. నలభై ఒక్క సెకన్లు. నేను కెమెరాను ముట్టుకోలేదు. ఖాళీ మోడు కూడా ఉంది పాతరీలు గారూ, మూడు సెకన్లు, ఇంకా కొంచెం ఊగుతూ.

పాతరీలు
ఆ ఊగే మోడు ఎట్టి పరిస్థితుల్లోనూ కత్తిరించొద్దు.

చెరువుగట్టు
చివర్లో చేపను ఎలా పట్టుకుంది? తల దాని గొంతు వైపు ఉందా, బయటికి ఉందా?

నీలిరెక్క
ఇప్పుడే మళ్లీ చూశాను. తల బయటికే ఉంది అక్కా. తోక లోపల, తల ముక్కు చివరన.

చెరువుగట్టు
తను తినేదైతే తల లోపలికి తిప్పుకుంటుంది, పొలుసులు, రెక్కల ముళ్లు గొంతుకు అడ్డం పడకుండా. తల బయటికి పెట్టుకుందంటే ఇంకొకరి నోట్లో పెట్టడానికి తీసుకెళ్తోంది. జతకో, పిల్లలకో. గట్టులో ఎక్కడో దగ్గర్లోనే బొరియ ఉంది.

కొత్తకన్ను
ఎటు ఎగిరిందో షాట్‌లో కనబడుతోందా?

నీలిరెక్క
కనబడుతోంది. ఫ్రేము దాటాక నీళ్ల మీదుగా కుడివైపు గట్టు దాకా దాని నీడ కూడా పడింది. నేను అటు వెళ్లడం లేదు. మోడు దగ్గరే కూర్చుంటాను, ఆ ఇరవై మీటర్లలోనే. రేపు ఆరింటికి చెవులపిల్లి గారు చెప్పిన రికార్డర్ కూడా తీసుకెళ్తున్నాను. ఆ పద్నాలుగు దెబ్బల చప్పుడు కావాలి నాకు.

చెవులపిల్లి
మైక్‌ను మోడు మొదట్లో రాత్రే కట్టి రండి, పొద్దున వెళ్లి కదిలించొద్దు. ఇరవై మీటర్లకు ఒకటిన్నర ఫ్రేము తేడా వస్తుంది కదా, మైక్ అక్కడే ఉంటే అదీ ఉండదు.